ఫిలేమోను పత్రికలో లేని మాటలు

పౌలు పేరున ఉన్న పత్రికలన్నిటిలోకి చిన్నది ఫిలేమోనుకు రాసింది. అధ్యాయాలు లేవు. మొత్తం 25 వచనాలు, గ్రీకు మూలంలో 335 మాటలు. తెలుగు బైబిలులో తీతు పత్రికకూ హెబ్రీ పత్రికకూ మధ్య ఒదిగి ఉంటుంది, పేజీ తిప్పేటప్పుడు కంటికి ఆనకుండా పోయేంత చిన్నది. దీని మీద ప్రసంగాలు తక్కువ. చెప్పినప్పుడు మాత్రం కథ దాదాపు ఒకటే. ఒనేసిము అనే దాసుడు యజమాని సొమ్ము దొంగిలించి రోముకు పారిపోయాడు. అక్కడ చెరలో ఉన్న పౌలును కలిసి విశ్వాసి అయ్యాడు. చేసిన తప్పుకు పశ్చాత్తాపపడి తిరిగి వెళ్లాడు. యజమాని క్షమించాడు.

ఈ కథను కాసేపు పక్కన పెట్టి పత్రికను మొదటి నుంచి చివరిదాకా చదివి చూడండి. దొంగిలించాడన్న మాట అందులో లేదు. పారిపోయాడన్న మాట లేదు. రోము పేరు లేదు. పౌలు చెరలో ఉండగా ఒనేసిము విశ్వాసి అయిన సంగతి ఉంది గానీ, అతను పశ్చాత్తాపపడ్డాడని పౌలు ఎక్కడా రాయలేదు. అతన్ని క్షమించమని ఫిలేమోనును అడగనూ లేదు, చేర్చుకోమన్నాడు, అంతే. ఫిలేమోను ఏం చేశాడో కూడా పత్రిక చెప్పదు, ఎందుకంటే ఇది అతని చేతికి అందకముందు రాసిన ఉత్తరం.

ప్రాచీన పత్రికను చదివే పనిలో మొదటి మెట్టు ఇదే: రాసినవాడు చెప్పింది ఎంత, మనం వినివిని కలుపుకున్నది ఎంత అని వేరు చేయడం. పెద్ద పత్రికల్లో ఇది కష్టం. ఇక్కడ పావుగంటలో చేయవచ్చు. అందుకే పౌలును శ్రద్ధగా చదవాలనుకునే ఎవరికైనా రోమా పత్రిక కన్నా ముందు ఇది చదవమని చెబుతాను.

మరి పత్రికలో ఉన్నదేమిటి? పౌలు బంధకాల్లో ఉన్నాడు, తిమోతి పక్కన ఉన్నాడు. ఉత్తరం ఫిలేమోనుకు. అయితే చిరునామాలో అతనితో పాటు అప్ఫియ, అర్ఖిప్పు, ఆ ఇంట్లో కూడుకునే సంఘం కూడా ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు. మధ్యలోని మాటలు దాదాపు అన్నీ ఫిలేమోను ఒక్కడిని ఉద్దేశించి ఏకవచనంలోనే సాగుతాయి. పలకరింపు, ముగింపు దీవెన మాత్రం అందరికీ కలిపి బహువచనంలో ఉంటాయి. అంటే ఒక ఇంటి పెద్ద తన దాసుడి విషయంలో ఏం చేయాలన్న ప్రశ్న అతని సొంత ఇంట్లో, అతని తోటి విశ్వాసుల ముందు పైకి చదివి వినిపించేలా రాశాడు పౌలు. ఆ సభలో ఒనేసిము కూడా నిలబడి ఉండవచ్చు. కొలొస్సయి పత్రిక చివర తుకికుతో కలిసి ఆ ఊరికి వస్తున్న వాళ్లలో అతని పేరు ఉంది, అతను ఆ ఊరివాడేనన్న మాటా ఉంది. ఫిలేమోను ఇల్లు కొలొస్సయిలో అని మనం చెప్పుకోవడానికి ప్రధాన ఆధారం అదే.

అడిగే తీరు చూడండి. ఆజ్ఞాపించే అధికారం నాకుంది, అయినా ప్రేమకొద్దీ వేడుకుంటున్నానంటాడు. వయసు మళ్లినవాణ్ణి, ఖైదీనంటాడు. ఇతన్ని నా దగ్గరే ఉంచుకోవాలనుకున్నాను, నీ సమ్మతి లేకుండా చేయడం ఇష్టం లేక పంపుతున్నానంటాడు. తీరా చివరికి వచ్చేసరికి నీ విధేయత మీద నాకు నమ్మకం ఉంది, చెప్పిన దానికన్నా ఎక్కువే చేస్తావని తెలుసు అంటాడు. ఆపైన, నేను వస్తాను, బస సిద్ధం చేయమంటాడు. ఇది మెత్తని మాటల్లో పెట్టిన గట్టి ఒత్తిడి. కొందరు వ్యాఖ్యాతలకు ఇది నచ్చలేదు. నా మటుకు ఆ ఒత్తిడి ఎవరి మీద, ఎవరి కోసం అన్నదే ముఖ్యం. కొట్టే హక్కూ అమ్మే హక్కూ చట్టప్రకారం ఉన్నవాడి మీద, ఏ హక్కూ లేనివాడి కోసం పౌలు తన పరపతినంతా ఇక్కడ ఖర్చు పెట్టాడు.

19వ వచనం దగ్గర ఆగాలి. ఆ రోజుల్లో ఉత్తరాలు లేఖకుడికి చెప్పి రాయించడం పరిపాటి. పౌలూ అలాగే చేసేవాడు. ఇక్కడ మాత్రం తానే కలం తీసుకుని, నా చేత్తో నేనే రాస్తున్నాను, తీర్చేది నేనే అని రాశాడు. ఆనాటి అప్పు కాగితాల్లో బాకీ ఒప్పుకునేవాడు సొంత చేవ్రాలుతో రాసిచ్చే మాటల పద్ధతి ఇది. చెరలో ఉన్న మనిషి ఒక దాసుడి తరఫున పూచీకత్తు రాసిచ్చాడు. సంఘమంతా సాక్షి.

దొంగతనం కథ పుట్టింది దీనికి ముందు వచనం నుంచి. అతను నీకు ఏదైనా నష్టం చేసినా, నీకు బాకీ ఉన్నా నా లెక్కలో వేసుకో అంటాడు పౌలు. ఆ వాక్యం ‘ఒకవేళ’ అన్న షరతుతో మొదలవుతుంది. నష్టం జరిగిందని ఒప్పుకోవడమూ కావచ్చు, యజమాని మనసులో ఉన్న అనుమానానికి జవాబూ కావచ్చు. దాసుడు పనిలో లేని రోజులన్నీ యజమానికి నష్టం కిందే లెక్క, దానికి వేరే దొంగతనం అక్కర్లేదు. 15వ వచనంలోనూ అంతే. కొంతకాలం ఎడబాటు కలిగిందంటాడు తప్ప వదిలి వెళ్లాడనడు.

ఖాళీలను నింపిన తొలి పెద్ద పేర్లలో యోహాను క్రిసోస్తోము ఒకటి. నాలుగో శతాబ్దం చివర్లో ఆయన ఈ పత్రిక మీద వరుస ప్రసంగాలు చేశాడు. ఇంత చిన్న విషయం మీద రాసిన ఉత్తరం గ్రంథంలో ఎందుకని అడిగేవాళ్లు అప్పుడు ఉండేవారు. వాళ్లకు జవాబు చెబుతూ ఒనేసిమును పారిపోయిన దొంగగా చూపించాడు. అంతటి దొంగకే ఆశ ఉందన్నది ఆయన బోధ. దానితో పాటు ఇంకో దిగులూ ఆయనకు ఉంది. యజమానుల దగ్గర నుంచి దాసులను విడదీస్తే, క్రైస్తవ్యం లోకాన్ని తలకిందులు చేయడానికి వచ్చిందని జనం నిందిస్తారని భయపడ్డాడు. కాబట్టి ఆయన వ్యాఖ్యలో ఆయన కాలపు సామ్రాజ్యం నీడ ఉంది. తర్వాత పదిహేను వందల ఏళ్లపాటు ఆ వ్యాఖ్యే దాదాపు పత్రికగా చెలామణి అయింది.

ఇరవయ్యో శతాబ్దంలో పండితులు మళ్లీ మూలం దగ్గరికి వెళ్లారు. 1935లో జాన్ నాక్స్ అసలు యజమాని అర్ఖిప్పు అన్నాడు. 1987లో సారా వింటర్, ఒనేసిము పారిపోలేదు, పౌలుకు సాయంగా సంఘమే పంపిందని వాదించింది. 1993లో అలెన్ కలహాన్ అతను దాసుడే కాదు, ఫిలేమోనుకు సొంత సోదరుడని అన్నాడు. ఈ చివరి వాదన నాకు నిలబడేలా కనిపించదు. ఇకమీదట దాసుడిగా కాకుండా అని పౌలు అన్నాడంటే ఇప్పటిదాకా దాసుడేనని అర్థం.

నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచేది 1985లో పీటర్ లాంపే చూపిన దారి. రోమన్ న్యాయశాస్త్రంలో ఒక అభిప్రాయం ఉంది. యజమానికి కోపం వచ్చినప్పుడు దాసుడు ఆయన స్నేహితుడి దగ్గరికి వెళ్లి, నా తరఫున ఒక మాట చెప్పండని వేడుకుంటే అతన్ని పారిపోయినవాడిగా లెక్కించకూడదు. మొదటి శతాబ్దపు న్యాయవేత్త ప్రోకులుసు ఈ మాట చెప్పినట్టు తర్వాతి న్యాయ సంకలనం నమోదు చేసింది. ఒనేసిము ఎక్కడికో పారిపోతూ దారిలో అనుకోకుండా పౌలు కంట పడ్డాడనడం కన్నా, ఇంట్లో ఏదో గొడవ జరిగి, యజమాని గౌరవించే పెద్దమనిషిని వెతుక్కుంటూ తనే వెళ్లాడనడం సబబుగా ఉంది. అలా చదివితే ఒనేసిము తెలివిగా, తెగించి ఒక నిర్ణయం తీసుకున్న మనిషిగా కనిపిస్తాడు.

అయితే పౌలు ఎక్కడున్నాడన్నది ముఖ్యమవుతుంది. రోము అయితే సముద్రాలు దాటి వారాల ప్రయాణం. ఎఫెసు అయితే కొలొస్సయికి రెండు వందల కిలోమీటర్ల లోపే, నడిచి వెళ్లగలిగే దూరం. బస సిద్ధం చేయమన్న మాట కూడా దగ్గర్లో ఉన్నవాడి మాటలా ఉంది. పైగా రోము నుంచి పౌలు చూపు పడమరగా స్పెయిను వైపు ఉన్నట్టు రోమా పత్రికే చెబుతుంది. ఎఫెసులో పౌలు ఖైదులో ఉన్నట్టు అపొస్తలుల కార్యములు చెప్పదు, ఆ వాదనకు అదే పెద్ద అడ్డంకి. అయినా ఆసియలో ప్రాణం మీదికి వచ్చిన కష్టం గురించి పౌలే కొరింథీయులకు రాశాడు కాబట్టి నా మొగ్గు ఎఫెసు వైపే.

పక్కన పెట్టి చదవడానికి ఇంకో రోమన్ ఉత్తరం ఉంది. పౌలు తర్వాత ఒకటి రెండు తరాలకు చిన్న ప్లీనీ తన మిత్రుడు సబినియానుసుకు రాసింది. సబినియానుసు విముక్తి చేసిన ఒక మాజీ దాసుడు ఏదో తప్పు చేసి ప్లీనీ కాళ్ల మీద పడ్డాడు. ప్లీనీ అతని తరఫున రాశాడు. అతను ఎంత ఏడ్చాడో, ఎంత పశ్చాత్తాపపడ్డాడో వర్ణించాడు. తాను గట్టిగా మందలించానని, ఇంకోసారి ఇలా అడగబోనని అతన్ని బెదిరించానని కూడా రాశాడు. దయగల ఉత్తరమే. కానీ మెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. పౌలు ఉత్తరంలో కన్నీళ్లు లేవు, మందలింపు లేదు. ఇతను నా కుమారుడు, నా ప్రాణంతో సమానం, నన్ను చేర్చుకున్నట్టే ఇతన్ని చేర్చుకో అన్నాడు. 16వ వచనంలో, ఇతను విశ్వాసంలోనే కాక లోక సంబంధంలో కూడా నీకు సోదరుడన్నాడు. ఆ రెండో భాగం చాలా ముఖ్యం. ఆత్మలో సమానులం, ఇంట్లో మాత్రం నువ్వు దాసుడివే అని తప్పించుకునే దారిని అది మూసేస్తుంది.

పౌలు దాస్య వ్యవస్థను ఖండించాడా? ఈ పత్రికలో లేదు. విడుదల చేయమని కూడా ముక్కుసూటిగా అడగలేదు. ఆ మౌనానికి మూల్యం చెల్లించినవాళ్లు ఉన్నారు. 1833లో అమెరికాలోని జార్జియాలో ప్రెస్బిటేరియన్ బోధకుడు చార్లెస్ కోల్కాక్ జోన్స్, తానూ దాసులకు యజమానే, ఈ పత్రికను తీసుకుని దాసుల సభలో ప్రసంగించాడు. యజమానికి లోబడాలి, పారిపోవడం తప్పు, పౌలు చెప్పింది ఇదేనన్నాడు. సగం మంది లేచి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది ఆ ప్రసంగం మీద, ఆయన మీద అసంతృప్తితోనే ఉన్నారు. ఇది సువార్త కాదన్నారు కొందరు. అలాంటి పత్రిక బైబిలులోనే లేదని మరికొందరు ఖండితంగా చెప్పారు. ఈ సంగతి నమోదు చేసింది జోన్సే. ఆనాటి వ్యాఖ్యాతల కన్నా ఆ శ్రోతలే సరిగా విన్నారని నేను నమ్ముతున్నాను. ఆయన బోధించిన పత్రిక నిజంగానే బైబిలులో లేదు.

మన తెలుగు సంఘాలకు ఇది పరాయి సంగతి కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు, ఊరి వెట్టికీ మోతుబరుల పొలాలకూ కట్టుబడి బతికినవాళ్లు. ఆదివారం పనికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు ఊరి పెద్దల వేధింపులు పడ్డారు. వాళ్ల మనవలూ మునిమనవలూ నేడు ఈ పత్రికను చదువుతున్నారు. వాళ్లు ఫిలేమోను కుర్చీలో కూర్చుని చదవాల్సిన అవసరం లేదు. ఒనేసిము మాట్లాడిన మాట ఒక్కటి కూడా మనకు మిగలలేదు, ఆ మాట ఏమై ఉంటుందో ఊహించే అర్హత వాళ్లకు అందరికన్నా ఎక్కువ.

ఫిలేమోను ఏం చేశాడు? ఒక్క ఆధారం ఉంది, అది పత్రిక ఇంకా ఉండటం. నచ్చకపోతే చించి పారేసేవాడు, ఇంకొకరికి నకలు ఇచ్చేవాడు కాదు. రెండో శతాబ్దం మొదట్లో ఎఫెసు సంఘ అధ్యక్షుడి పేరు ఒనేసిము అని ఇగ్నేషియసు రాశాడు. ఇద్దరూ ఒకరేనని నాక్స్ అనుకున్నాడు. ఆ పేరు దాసుల్లో సర్వసాధారణం కాబట్టి నేను అంతదూరం వెళ్లను.

ఈ పత్రిక మీద ప్రసంగించబోయే బోధకులకు, పఠన కూటాలు నడిపేవాళ్లకు ఒక మనవి. వ్యాఖ్యానం మొదలుపెట్టకముందు 25 వచనాలనూ సంఘంలో పైకి చదివించండి, అది రాసింది అలా చదవడానికే. ఆ తర్వాత, పత్రికలో ఒనేసిము చేసిన తప్పు ఏమని రాసి ఉందో చూపించమని అడగండి. ఎవరూ చూపించలేకపోతే, పారిపోయిన దొంగ కథను ఆ రోజుకు చెప్పకండి.