ఆదోని ఎండల్లో సముద్రపు ఏంజెల్ చేప

ఆదోని నుంచి తూర్పున ఒంగోలు తీరం దాదాపు 300 కిలోమీటర్లు. పడమట గోవా తీరం ఇంకా దూరం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పొర కడుతుంది. ఇలాంటి చోట పగడపు దిబ్బల్లో తిరిగే చేపను ఇంట్లో పెంచగలమా? పెంచవచ్చు. కాకపోతే చేపను కొనేముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలి. ఆ విషయంలో ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకు ఇబ్బందులతో పాటు, సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు లేని ఒక వెసులుబాటూ ఉంది.

మన ఊళ్లలో అక్వేరియం దుకాణాల వాళ్లు ఏంజెల్ అని అమ్మేది దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన మంచినీటి చేప. సముద్రపు ఏంజెల్‌ది వేరే కుటుంబం. శాస్త్రవేత్తలు దాన్ని పొమకాంతిడే అంటారు. ఇందులో దాదాపు 90 జాతులున్నాయి. చెంప కింద, మొప్ప మూత అంచున వెనక్కి తిరిగిన గట్టి ముల్లు ఈ కుటుంబానికి గుర్తు. వలతో పడితే ఆ ముల్లు దారాల్లో చిక్కుకుని చేప గాయపడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ప్లాస్టిక్ డబ్బాను నీళ్లలో ముంచి, చేపను దాంట్లోకి తోలి పైకి తీస్తారు.

ఏ జాతిని ఎంచుకోవాలన్నది అసలు ప్రశ్న. ఎంపరర్ ఏంజెల్ పిల్ల ముదురు నీలం ఒంటి మీద తెల్లటి వలయాలతో చూడముచ్చటగా ఉంటుంది. పెరిగాక ఒళ్లంతా పసుపు చారలు తేలి, 40 సెంటీమీటర్ల వరకు ఎదుగుతుంది. దానికి ఇంటి తొట్టి చాలదు. రీగల్ ఏంజెల్ 25 సెంటీమీటర్లకు మించదు గానీ మహా నాజూకు. సముద్రంలో అది ఎక్కువగా స్పాంజీలు, వాటిలాంటి మెత్తటి జీవులు తిని బతుకుతుంది. తొట్టిలో వేసిన మేతను మేతగా గుర్తించక, ఆకలితోనే చచ్చిపోయేవి చాలా. కరేబియన్ సముద్రపు రాక్ బ్యూటీదీ అదే కథ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కోరల్ బ్యూటీ, ఫ్లేమ్ ఏంజెల్ లాంటి చిన్న జాతులే నయం. ఇవి 10, 15 సెంటీమీటర్లకు ఆగిపోతాయి. రాళ్ల మీది నాచును రోజంతా గీక్కుని తింటాయి. 200 లీటర్లకు తగ్గని తొట్టి, దూరి దాక్కోవడానికి రాళ్ల సందులు ఉంటే సర్దుకుపోతాయి.

జాతి ఒక్కటే చూసుకుంటే సరిపోదు, చేపనూ చూడాలి. కళ్లు తేటగా ఉన్నాయా? తల వెనక వీపు లోతుకు పోయిందా? పొట్ట అంటుకుపోయిందా? మొప్పలు ఎగబోస్తున్నాయా? ఇవన్నీ బాగున్నా దుకాణదారును ఒక చిటికెడు మేత వేయమనండి. కళ్ల ముందు తినని ఏంజెల్‌ను సగం ధరకిచ్చినా తేవద్దు. సయనైడ్ చల్లి, చేపలను మత్తెక్కించి పట్టే అలవాటు ఫిలిప్పీన్స్ సముద్రాల్లో 1960ల నుంచి ఉంది, తర్వాత ఇండోనేసియాకూ పాకింది. అలా పట్టిన చేప పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల కాలేయం దెబ్బతిని కొన్ని వారాలకు పోతుంది.

చాలా ఏంజెళ్లు ఇప్పటికీ సముద్రంలో పట్టినవే. దానికి కారణముంది. పొద్దుగూకే వేళ ఆడ, మగ చేపలు జంటగా పైకి లేచి గుడ్లు వదులుతాయి. గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నోట్లో పట్టాలంటే మేత మిల్లీమీటరులో పదో వంతు కన్నా చిన్నదై ఉండాలి. ఈ శతాబ్ది మొదట్లో హవాయిలో ఫ్రాంక్ బెన్ష్ సూక్ష్మజీవులను మేతగా పెంచి, చిన్న ఏంజెళ్లను తొట్టెల్లోనే పుట్టించి సాకగలిగారు. అలాంటి పిల్లలు దొరికితే ధర ఎక్కువైనా అవే మేలు. తొట్టి మేతకు అవి మొదటి నుంచీ అలవాటు పడి ఉంటాయి.

ఇక నీళ్లు. బోరు నీళ్లు, కాలువ నీళ్లు నేరుగా పనికిరావు. ఆర్ఓ నీళ్లు కావాలి. కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే సున్నాకు దగ్గరగా ఉండాలి. తాగడానికి అమ్మే క్యాను నీళ్లలో రుచి కోసం లవణాలు కలుపుతుంటారు కాబట్టి కొలవకుండా పోయొద్దు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే 20 లీటర్ల క్యానుకు 700 గ్రాములు. వంటింటి ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం వంటివి తగినంత ఉండవు. అక్వేరియం ఉప్పే వాడాలి. 200 లీటర్ల తొట్టిలో వారానికి ఒక క్యాను నీళ్లు మారిస్తే చాలు.

మనకున్న వెసులుబాటు ఎండలోనే ఉంది. ఏంజెల్‌కు 24 నుంచి 27 డిగ్రీల వేడి సరిపోతుంది. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతాయి. కుండలో నీళ్లు చల్లబడేది అందుకే. ఒక లీటరు ఆవిరైతే 200 లీటర్ల నీళ్లు దాదాపు 3 డిగ్రీలు చల్లబడేంత వేడి పోతుంది. తొట్టి మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఈ పని వేగంగా జరుగుతుంది. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతమే ఉంటే, ఫ్యాను నీళ్లను సిద్ధాంతరీత్యా 22, 23 డిగ్రీల దాకా దించగలదు. విశాఖలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున అదే ఫ్యాను 30 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ నీళ్లను చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్ కొనక తప్పదు. ఇక్కడ చాలా రోజులు ఫ్యానుతో నెట్టుకురావచ్చు.

ఈ లాభం ఊరికే రాదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. 200 లీటర్లలో 6 లీటర్లు తగ్గితే ఉప్పు లీటరుకు 35 గ్రాముల నుంచి 36 దాటుతుంది. రోజూ ఉప్పు కలపని ఆర్ఓ నీళ్లే పోసి గీత దాకా నింపాలి. కరెంటు పోతే ఫ్యానూ పంపూ రెండూ ఆగుతాయి. 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 6.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 32 డిగ్రీల దగ్గర 6 మిల్లీగ్రాములే పడుతుంది. అందుకే ఇన్వర్టర్‌కు ఆ రెండింటినీ ముందు కలపాలి.

చేప చెన్నై నుంచి వస్తే ముంబై రైలు మార్గంలో ఆదోని దాకా రాత్రంతా సంచిలోనే ఉంటుంది. ఎమ్మిగనూరుకు పైన మరో 30 కిలోమీటర్ల రోడ్డు. ఆలోగా సంచి నీళ్లలో చేప వదిలిన అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ రెండూ పేరుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ నీటిని కాస్త ఆమ్లంగా ఉంచడంతో అమ్మోనియా విషం బయటపడదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి అమ్మోనియా విషమెక్కుతుంది. కాబట్టి సంచిని విప్పకుండానే, ముందే సిద్ధం చేసుకున్న వేరే తొట్టిలో పావుగంట తేలనివ్వాలి. తర్వాత విప్పి, ఉప్పు కొలిచి, ఆ తొట్టి నీళ్లతో సరిపోయిందని చూసుకుని చేపను వెంటనే అందులోకి మార్చాలి. సంచి నీళ్లు పారబోయాలి. ఆ విడి తొట్టిలో కనీసం నెల రోజులు ఉంచితే తెల్ల మచ్చల జబ్బు ఉంటే బయటపడుతుంది. ఆ జబ్బుకు వాడే రాగి మందును చిన్న ఏంజెళ్లు అంతగా తట్టుకోలేవు. కొలిచే కిట్ లేకుండా దాన్ని వాడొద్దు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ అందులోనే. మన సముద్రాల నుంచి తీసిన పగడం గానీ, పగడపు రాయి గానీ కొనడం నేరం. అచ్చుపోసిన కృత్రిమ రాళ్లతోనే దిబ్బ కట్టుకోండి. పగడాలను కొరికే దురలవాటు ఏంజెళ్లకు ఎలాగూ ఉంది, ఆ బెడదా తప్పుతుంది. రాళ్ల మీద నాచు పట్టడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఎండు సముద్రపు నాచు, సన్నగా తరిగిన రొయ్య రోజుకు మూడుసార్లు కొద్దికొద్దిగా వేయాలి.

తొట్టిని చలికాలంలో మొదలుపెట్టండి. ఏంజెల్ లేకుండానే ఒక వేసవి గడవనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో రోజూ మధ్యాహ్నం మూడింటికి వేడి, ఉప్పు కొలిచి రాసుకోండి. వేడి ఒక్కరోజైనా 28 దాటితే లోపం ఎక్కడుందో సరిచేసుకుని, ఇంకో వేసవి ఆగండి. దాటకపోతే వానలు పడ్డాక ఒకే ఒక్క చిన్న ఏంజెల్‌ను, మీ ఎదుట మేత తిన్నదాన్ని తెచ్చుకోండి. రీగల్ జోలికి మాత్రం పోవద్దు.