వల లాగిన చేతులతో మందుపాతరల ఏరివేత

నావికులు మైను అని పిలిచే సముద్రపు మందుపాతర, మొదటి ప్రపంచ యుద్ధంలో విస్తారంగా వాడిన రూపంలో, పేలుడు మందు కూరిన పెద్ద లోహపు గుండు. సముద్రపు అడుగున ఉన్న బరువైన లంగరు దిమ్మెకు దాన్ని తీగతాడుతో కట్టి, నీటిమట్టానికి కొన్ని అడుగుల దిగువన కంటికి కనబడకుండా నిలిపేవారు. దాని మీద కొమ్ముల్లా పొడుచుకొని ఉండే సీసపు గొట్టాల్లో ఏ ఒక్కటైనా ఓడ తాకిడికి వంగితే, లోపలి గాజుగొట్టం పగిలి, అందులోని ఆమ్లం బ్యాటరీని రగిలించి మందును పేల్చేది.

వీటిని ఏరివేసే పనిని బ్రిటిష్ నౌకాదళం ప్రధానంగా గ్రిమ్స్‌బీ వంటి రేవుల మత్స్యకారులకు అప్పగించడం వెనుక గట్టి ఆలోచనే ఉంది. విశాఖ రేవు నుంచి నేడు వేటకు వెళ్లే ట్రాలర్లకు ఉన్నట్టే, నాటి ఆవిరి ట్రాలర్లకూ బరువైన తీగతాడును వదిలి, ఈడ్చి, తిరిగి చుట్టుకునే వించ్ ఉండేది. దాని పక్కన నిలబడి తాడు బిగువును బట్టి నీటి కింద ఏముందో పసిగట్టడం ఆ మనుషులకు అలవాటైన విద్య. అందుకే యుద్ధానికి ముందే, 1910లో, రాయల్ నేవల్ రిజర్వ్‌లో ట్రాలర్ విభాగాన్ని నెలకొల్పారు.

రెండు ట్రాలర్లు కొన్ని వందల గజాల ఎడంతో పక్కపక్కన సాగుతూ, నడుమ ఒక ఉక్కు తీగతాడును ఈడ్చేవి. ‘గాలిపటం’ అనే బరువైన చెక్క చట్రం ఆ తాడును కావలసిన లోతులో అణచిపట్టేది. మైను కట్టుతీగ దానికి తగిలి తెగితే గుండు పైకి తేలేది, అప్పుడు రైఫిళ్లతో కాల్చి ముంచడమో పేల్చడమో చేసేవారు. తెగని మైను తాడుకు చిక్కుకొని, చుట్టేకొద్దీ ఓడ వెనుక భాగానికే చేరువవుతుంటే, వించ్ దగ్గరి మనిషికి ఆలోచించే వ్యవధి ఉండేది కాదు.

ఈ పద్ధతి 1915 మార్చిలో డార్డనెల్స్ జలసంధిలో విఫలమైంది. మర్మరా సముద్రం నుంచి దూకే ప్రవాహానికి ఎదురెక్కుతూ, తాడు ఈడుస్తూ, దాదాపు మనిషి నడక వేగంతో కదిలే ట్రాలర్లను ఒట్టోమన్ సెర్చిలైట్లు రాత్రిళ్లు పట్టి చూపేవి, ఒడ్డున ఉన్న ఫిరంగులు కాల్చేవి; పైగా ఆ ఓడల అడుగే మైన్ల కన్నా లోతుకు దిగి ఉండేది. వెనుదిరిగిన సిబ్బందికి ధైర్యం చాలలేదని కొందరు అధికారులు నిందించారు గాని, ఆ నింద అన్యాయమే: చేపల వేటకు కట్టిన ఓడను ఫిరంగుల ముందు నిలబెట్టిన ప్రణాళికదే లోపం. మార్చి 8న నుస్రత్ అనే చిన్న నౌక తీరానికి సమాంతరంగా గుట్టుగా పరిచిన 26 మైన్ల వరుసను ఎవరూ పసిగట్టలేదు. మార్చి 18న అక్కడే ఫ్రెంచి యుద్ధనౌక బూవే నిమిషాల్లో మునిగి, 600 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇర్రెసిస్టిబుల్, ఓషన్ అనే బ్రిటిష్ నౌకలూ అదే రోజు దెబ్బతిని మునిగాయి.

1918 నవంబరులో కాల్పులు ఆగినా మైన్లు నీటిలోనే ఉండిపోయాయి. వాటిని తొలగించేందుకు 1919 ఫిబ్రవరిలో స్వచ్ఛందంగా చేరినవారితో ప్రత్యేక దళం ఏర్పడి, ఆ ఏడాది చివరిదాకా తాము రేపు వలలు వేయవలసిన నీళ్లనే ఉక్కు తాళ్లతో జల్లెడ పట్టింది.