ఒకే రాత, రెండు అర్థాలు: నెట్‌వర్క్ ఆదేశాల ఫలితాన్ని చదవడం

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లల్లో చాలామందికి బడిలో అబ్బింది తమిళ లిపి. తెలుగు మాట రాయవలసివస్తే ఆ లిపిలోనే రాస్తారు. అందులో క, గ లకు ఒకే అక్షరం కనుక 'కుడి', 'గుడి' రెండింటికీ ఒకే రాత. తమిళానికి ఇది లోపం కాదు. అక్కడి దేశ్య పదాల్లో పరుషమో సరళమో స్థానాన్ని బట్టే తెలిసిపోతుంది. తెలుగులో మాత్రం అర్థమే మారుతుంది. సందర్భం తెలిసినవారు సరిగానే చదువుకొంటారు, కొత్తవారు తికమకపడతారు.

కంప్యూటర్ చదివే మన విద్యార్థులకు ఇటువంటి చిక్కే నెట్‌వర్క్ అమరికను చూపే ఆదేశాల దగ్గర ఎదురవుతుంది. వీటిలో పాతది ఇఫ్‌కాన్ఫిగ్. ఇది 1983లో విడుదలైన 4.2 బిఎస్‌డి యూనిక్స్‌తో వచ్చింది. లినక్స్‌లో దాని స్థానాన్ని క్రమంగా 'ఐపి' అనే ఆదేశం ఆక్రమించింది.

ఒక ఉదాహరణ చూద్దాం. పని చేస్తున్న యంత్రం నుంచి కేబుల్ ఊడదీసి 'ఐపి లింక్' అని కొట్టండి. కోణపు కుండలీకరణాల్లో 'నో-క్యారియర్', 'అప్' అనే మాటలు కనిపిస్తాయి. అదే వరుసలో కొంచెం ముందుకు పోతే 'స్టేట్ డౌన్' అని ఉంటుంది. ఒకే వాక్యంలో 'అప్', 'డౌన్' రెండూ ఎలా నిజమవుతాయి? మొదటిది నిర్వాహకుడి నిర్ణయం: పోర్టును వాడుకలో ఉంచమన్నాడు. రెండోది వాస్తవ స్థితి: తీగలో సంకేతం లేదు. వరుస గజిబిజిగా ఉన్నా అది తేడాను దాచలేదు.

ఇప్పుడు 'ఐపి -బ్రీఫ్ అడ్రెస్' అని కొట్టండి. ఒక్కో పోర్టుకు ఒక్కో వరుసతో పేరు, స్థితి, చిరునామా చక్కగా కనిపిస్తాయి. కాని కేబుల్ ఊడినా, నిర్వాహకుడే పోర్టును ఆపినా ఇక్కడ కనిపించేది 'డౌన్' ఒక్కటే. 'కుడి', 'గుడి' మళ్లీ ఒకటయ్యాయి. దీన్ని మాత్రమే చూసినవారు ఊడిన తీగను వదిలి, సరిగా ఉన్న అమరికను మార్చి చెడగొట్టుకొనే ప్రమాదముంది.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: ఒకే విషయానికి పలు రాతలు. నెట్‌మాస్క్‌ను లినక్స్ ఇఫ్‌కాన్ఫిగ్ 255.255.255.0 అని, మ్యాక్ యంత్రాల ఇఫ్‌కాన్ఫిగ్ పదహారు ఆధారంగా గల అంకెల్లో, 'ఐపి' ఆదేశం చిరునామా వెంట /24 అని చూపుతాయి. మూడూ ఒకటే: 32 బిట్లలో మొదటి 24 నెట్‌వర్క్‌వి. ఇక్కడ కంటికి కనిపించే భేదం అర్థభేదం కాదు.

కాబట్టి చదవడానికి తేలికగా ఉండటం వేరు, తేడాలను నిలుపుకోవడం వేరు. సంగతి చూచాయగా తెలియాలంటే సంక్షిప్త రూపం చాలు. తప్పు వెతికేటప్పుడు పూర్తి రూపం చదవాలి. ప్రోగ్రాముకు అందించాలంటే, వరుసల అమరికను నమ్ముకోక, '-జేసన్' చేర్చి పేరు-విలువ జంటలుగా తీసుకోవాలి. ఏ ఫలితాన్ని చూసినా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ రాతలో ఏ రెండు విషయాలు ఒకటిగా కలిసిపోయాయి?