తాండూరు బండల మీద బొమ్మల యుద్ధం

బొమ్మల కొలువు మనకు కొత్త కాదు. ఆ బొమ్మలు సిపాయిలై, మెట్ల స్థానంలో కొండలూ వాగులూ రైలు పట్టాలూ వస్తే... అదే చారిత్రక యుద్ధక్రీడ! అంగుళం ఎత్తు సైనికులు, కొలిచే టేపు, రెండు పాచికలు ఉంటే చాలు. ప్రష్యా సైన్యం 1824లోనే తన అధికారుల శిక్షణకు ఇలాంటి ఆటను వాడుకుంది. రచయిత హెచ్‌.జి.వెల్స్‌ బొమ్మ సైనికులతో ఎలా ఆడాలో చెబుతూ 1913లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఒక పోరు ఫలితాన్ని బట్టి తర్వాతి పోరు ఉండేలా వరసగా ఆడితే అది పూర్తిస్థాయి దండయాత్ర.

దానికి పటం కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. వికారాబాద్‌, తాండూరుల మీదుగా సాగే రైలుమార్గం ఉందిగా!

పది బండల పటం

సికింద్రాబాద్‌ను బొంబాయి-మద్రాసు లైనులోని వాడితో కలుపుతూ ఈ మార్గం 1874లో మొదలైంది. పొడవు దాదాపు 195 కిలోమీటర్లు. ఇంట్లో పరిచిన తాండూరు బండ ఒక్కోటి 20 కిలోమీటర్లనుకుంటే పది బండలు సరిపోతాయి. వాడి నుంచి తాండూరుకు నాలుగు, అక్కణ్నుంచి వికారాబాద్‌కు రెండు, సికింద్రాబాద్‌కు మరో నాలుగు.

ఖర్చు నిజాం రాజ్యానిది. సికింద్రాబాద్‌ కంటోన్మెంటులో సైన్యం ఆంగ్లేయులది. 1857 జులైలో తుర్రేబాజ్‌ఖాన్‌, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెంట జనం హైదరాబాద్‌ రెసిడెన్సీ మీద దాడిచేసినప్పుడు ఇక్కడ రైలు లేదు. రైలు వచ్చాక అలాంటి తిరుగుబాటు వచ్చి ఉంటే? ఆట ఆ ఊహతోనే మొదలవుతుంది.

ఒకరు వాడి నుంచి పటాలాలను తరలించాలి. మరొకరు అడ్డుకోవాలి. లైను ఒక్కటే కాబట్టి ఎదురెదురు రైళ్లు స్టేషన్‌లోనే తప్పుకోవాలి. ఆవిరి ఇంజిన్‌కు బొగ్గూ నీళ్లూ కావాలి. తాండూరు దగ్గర కాగ్నా నది ఉంది. ఆ తర్వాత అనంతగిరి వైపు ఎత్తు పెరిగేకొద్దీ బండి వేగం తగ్గుతుంది. మూసీ పుట్టిన ఆ కొండలే మాటు వేయడానికి అనువైన చోటు. రైలు అక్కడికి చేరగానే ఆట నేల మీంచి బల్ల మీదికి మారుతుంది.

మూడో ఆటగాడు

అసలు చరిత్రలో ఈ రైలు కోసం జరిగిన పెద్దపోరు తుపాకులతో కాదు, పద్దులతో! 1883లో రైల్వేను లండన్‌లో పెట్టిన కంపెనీకి అప్పగిస్తూ, పెట్టుబడి మీద ఇరవై ఏళ్లపాటు అయిదు శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఒప్పందం వివరాలు ప్రజలకు చెప్పాలంటూ హైదరాబాద్‌లో గొంతులు లేచాయి. అదే చాందా రైల్వే ఆందోళన. సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్‌ ఛటోపాధ్యాయ అందులో ముందున్నారు. ఆయన్ను కొలువు నుంచి తప్పించి రాజ్యం దాటించారు.

అందుకే ఈ ఆటలో ఖజానా తాళాలు పట్టుకున్న దివాను కూడా ఉండాలి. రైలు కదిలినప్పుడల్లా ఖర్చు, వంతు ముగిసినప్పుడల్లా వడ్డీ. ఖజానా ఖాళీ అయితే ఏ సైన్యం గెలిచినా హైదరాబాద్‌ ఓడినట్టే. సిపాయిలను లెక్కపెట్టే పిల్లలకు రూపాయల లెక్కా అప్పుడే తెలుస్తుంది.

నిజాం ప్రభుత్వం ఆ రైల్వేను తిరిగి కొనుక్కున్నది 1930లో. ఆటలో దివాను అంతకంటే ముందే కొనగలిగితే... గెలుపు అతనిదే!