పాత కారు – పందెపు బాట

యంత్రమొకటి చేతికి చిక్కినచో దానిని విప్పి చూడవలెననియు, చూచిన పిదప మునుపటికంటె మెరుగుగా నడిపింపవలెననియు కోరుట యౌవనమునకు సహజము. గోదావరి డెల్టాలో ఈ కోరికకు ఎన్నడును కొదువలేదు. నరసాపురమునే తీసికొందము. 17వ శతాబ్దమునాడే వశిష్ఠ గోదావరి ఒడ్డున ఆంగ్లేయులకును డచ్చివారికిని ఓడలు కట్టియిచ్చిన పనివారు ఆ ఊరి పరిసరములందుండిరి. నేడు అదే తీరమున చేపల పడవలకు డీసెలు ఇంజనులమర్చు మెకానిక్కులును, లేతుపనివారును, టింకరింగు షెడ్లవారును ఉన్నారు. అట్టి ఊరిలో ఒక యువకుడు పాత మారుతీ 800 కారును కొని, దానిని పందెపు కారుగా తీర్చిదిద్దుటకు పూనుకొన్నచో ఆశ్చర్యపడవలసినది లేదు. ఆలోచింపవలసినది మాత్రము కలదు. అతడు మొదట దేనికి మరమ్మతు చేయును? తుదకు ఆ కారును ఎక్కడ పరుగెత్తించును? ఈ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానముపై అతని ప్రాణమును, దారిన పోవువారి ప్రాణములును ఆధారపడియున్నవి.

సాధారణముగా యువకుల చేయి మొదట ఇంజనుమీదికి పోవును. సైలెన్సరు మార్చి శబ్దము పెంచుట, ఇంజను హెడ్డును లేతుపై కొంచెము చెక్కించి పీడనము హెచ్చించుట, గాలి ధారాళముగా లోనికి పోవునట్లు దారులు నునుపుచేయుట మొదలగునవి వారికి తెలిసిన విద్యలు. ఇంజను శక్తి యనగా, ఒక నిమిషములో ఎంత గాలితో ఎంత పెట్రోలు సక్రమముగా మండినదను లెక్కయే కనుక, ఈ మార్పులవలన కొంత శక్తి హెచ్చుట నిజమే. కాని ఓడలు కట్టువారి ధర్మము వేరు. తెరచాప పెద్దది చేయదలచినవారు ముందుగా ఓడ అడుగున బరువు వేయుదురు. అట్లు చేయక తెరచాప పెంచినచో మొదటి పెనుగాలికే ఓడ ఒరిగిపోవును. కారు విషయమునను ఇదియే నియమము. వేగము పెంచుటకు ముందు ఆగుట నేర్పవలెను.

ఎందులకో లెక్క వేసి చూతము. వేగము రెట్టింపైనచో కారులోని చలనశక్తి రెట్టింపు కాదు, నాలుగింతలగును. మంచి టైర్లతో, పొడిగానున్న తారురోడ్డుపై, గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు గట్టిగా బ్రేకు వేసిన తరువాత సుమారు 20 మీటర్లలో ఆగును. అదే కారు 120 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో ఆగుటకు 80 మీటర్లు కావలెను. కన్ను చూచి, మనసు గ్రహించి, కాలు బ్రేకుపై పడుటకు ఒక్క క్షణము పట్టినదనుకొన్నను, ఆ క్షణములో మరి 33 మీటర్లు గడచిపోవును. అనగా మొత్తము 113 మీటర్లు. మన కాలువగట్టు రోడ్లపై, కొబ్బరిచెట్ల మలుపున, ఎదుట అంత దూరము కంటికి కనిపించు చోట్లు ఎన్ని కలవో డెల్టాలో నివసించువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆగినప్పుడు ఆ చలనశక్తి మాయమైపోదు. అది బ్రేకులలో వేడిగా మారును. డ్రైవరుతో కూడ 700 కిలోల బరువుండు చిన్న కారు 120 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కసారి ఆగినచో పుట్టు వేడి, లీటరుంబావు నీళ్లను పొంగ మరిగించుటకు చాలును. రోడ్డుపై అట్టి బ్రేకు ఏనాడో ఒకనాడు వేయుదుము. పందెపు బాటపై ప్రతి చుట్టులోను, పెద్ద మలుపు వచ్చినప్పుడెల్ల గట్టిగా బ్రేకు వేయవలసియుండును. మామూలు బ్రేకు పాడ్లు కొలది చుట్లలోనే పట్టు కోల్పోవును. కనుక మొదటి ఖర్చు వేడికి తాళు పాడ్లకును, సరియైన డిస్కులకును, రబ్బరు గొట్టములకును చేయవలెను.

బ్రేకు ఆయిలును గూర్చి డెల్టావాసులు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన విషయమొకటి కలదు. సామాన్యముగా వాడు బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణమున్నది. ప్రమాణముల ప్రకారము డాట్ 3 రకపు క్రొత్త ఆయిలు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగకూడదు. నూటికి నాలుగు పాళ్లకు లోపుగానే నీరు చేరినచో ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవును. ఆయిలు మరిగినచో గొట్టములలో ఆవిరిబుడగలు పుట్టును. ద్రవమువలె ఆవిరి ఒత్తిడిని మోయలేదు. పెడలు నేలకు తగులును గాని కారు ఆగదు. సముద్రపు గాలియు, కాలువల తేమయు నిరంతరముండు నరసాపురము వంటి చోట, ఏండ్ల తరబడి మార్చని ఆయిలుతో పందెపు బాటకు పోవుట తెలిసి తెలిసి ప్రమాదమును పిలుచుటయే. బయలుదేరుటకు ముందు క్రొత్తగా మూత తీసిన డబ్బాలోని డాట్ 4 ఆయిలు పోయించి, గాలి పూర్తిగా తీయింపవలెను.

బ్రేకుల తరువాత టైర్లు. కారునకును నేలకును గల సంబంధమంతయు నాలుగు చక్రముల క్రింద, ఒక్కొక్కటి అరచేయంత మేరలోనే ఉన్నది. ఇంజను త్రోసినను, బ్రేకు పట్టినను, స్టీరింగు త్రిప్పినను ఆ నాలుగు అరచేతుల ద్వారానే జరుగవలెను. పగుళ్లు వారిన టైర్లకు ఎంత శక్తి ఇచ్చినను వృథా. టైరులోని గాలి 10 డిగ్రీలు వేడెక్కినచో ఒత్తిడి సుమారు ఒకటిన్నర పౌన్లు పెరుగును. అందుచేత అనుభవజ్ఞులు ప్రతి పరుగు తరువాతను ఒత్తిడి కొలిచి సరిచేయుదురు.

మూడవది కారు ఒడలు. ఉప్పుగాలి తగిలిన పాత కారు పైకి రంగులతో మెరయుచున్నను, క్రింది రేకు తుప్పు తినియుండవచ్చును. కారు బోర్లపడినప్పుడు మనిషిని కాపాడుటకు లోపల ఉక్కు గొట్టముల పంజరమును అమర్చుదురు. తుప్పు రేకుకు అతికిన పంజరము పేకమేడవంటిది. కనుక ముందుగా రేకు గీకించి చూచి, చెడినంతవరకు కోయించి, క్రొత్తది అతికింపవలెను. పంజరమున్న కారులో శిరస్త్రాణము లేక కూర్చుండరాదు, ఏలయన ఆ గొట్టమే తలకు తగులును. వెనుక సీట్లవంటి అనవసరపు బరువులు తీసివేయుట మాత్రము అన్నిటికంటె చౌకయైన మార్పు. బరువు తగ్గినచో ఇంజనునకును, బ్రేకులకును, టైర్లకును ఒక్కసారే మేలు కలుగును.

ఇవి యన్నియు ముగిసిన పిమ్మటనే ఇంజను. అచటను మొదటి శ్రద్ధ శక్తి పెంచుటపై గాక, చల్లదనముపై ఉండవలెను. రేడియేటరు శుభ్రముగా నుండవలెను. ఇంజను ఆయిలు క్రొత్తదై, కొలత సరిగా నుండవలెను. మారుతీ 800 లోని 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను చిన్నదే యైనను, చక్కగా నున్నచో నేర్చుకొనువానికి చాలును.

ఇక కారును ఎక్కడ పరుగెత్తించుట? రోడ్డుపై కాదని చట్టమే చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్దేశించినదానికి భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించినది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ ప్రకారము, అట్టి మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. ప్రభుత్వము వ్రాతమూలకముగా అనుమతింపనిదే బహిరంగ స్థలములలో పందెములు నడుపుటయు నేరమే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పందెము జరిగినది నగరపు రోడ్లపైననే. కాని ఆ నాడు ఆ రోడ్లను మూసివేసి, ఇరుప్రక్కల గోడలు నిలిపి, రక్షణ సిబ్బందిని నియమించిరి. రోడ్డు రోడ్డుగా నున్నంతకాలము అది పందెపు బాట కానేరదు.

దక్షిణాదిని ఈ వినోదమునకు పాత చరిత్రయే కలదు. మదరాసునుండి నెల్లూరు వైపు వచ్చు రహదారిపై షోలవరమున, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానముల బాటపై 1950 ల నుండి కారు పందెములు జరిగినవి. సొంత కార్లను సొంత షెడ్లలో మార్చుకొనివచ్చిన ఔత్సాహికులు అచ్చట పోటీపడుచుండెడివారు. 1990 లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోటలో, పందెములకొరకే నిర్మించిన బాట ప్రారంభమైనది. దాని చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు చెంత చెట్టిపాళెమున 2003 లో మరియొక బాట వెలసినది. దాని పేరు కరి మోటార్ స్పీడ్‌వే.

ఆ పేరు గల కారణము మన శ్రోతలు వినదగినది. తరతరములుగా తెలుగు మాతృభాషగా గల కుటుంబములు కోయంబత్తూరులో ఎన్నియో కలవు. అట్టివానిలో ఒకటైన లక్ష్మీ మిల్స్ కుటుంబమునకు చెందిన సుందరం కరివర్ధన్, స్వయముగా పందెములలో పాల్గొనినవారే గాక, కార్ల నిర్మాతయు. 1980 ల చివర వారు మారుతీ 800 ఇంజనునే తీసికొని, ఒక్క మనిషి కూర్చుండు చిన్న పందెపు కారును రూపొందించిరి. అదియే ఫార్ములా మారుతీ. విదేశములనుండి ఖరీదైన యంత్రము తెప్పింపనక్కరలేకయే పందెపు విద్య అభ్యసించు మార్గము దానివలన ఏర్పడినది. కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ తొలి పందెము పరుగెత్తినది ఫార్ములా మారుతీ కారులోనే. 2005 లో అతడు ఫార్ములా వన్ పందెములో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను. కరివర్ధన్ 1995 లోనే మరణించుటచేత ఆ దినమును చూడలేకపోయిరి.

నరసాపురమునుండి ఈ బాటలకు 500 కిలోమీటర్లకు పైబడిన దూరము. మార్పులు చేసిన కారును లారీపై నెక్కించి తీసికొనిపోవలెను గాని నడుపుకొనిపోరాదు. పందెములో పాల్గొనుటకు భారత మోటారు క్రీడా సంఘముల సమాఖ్య ఇచ్చు లైసెన్సు కావలెను. బాటపై దిగుటకు ముందు అధికారులు పట్టీలను, బ్రేకులను, శిరస్త్రాణమును పరీక్షింతురు. పసుపు జెండా ముందు అపాయమున్నదని, ఎర్రజెండా పరుగు నిలుపుమని, నీలిజెండా వెనుకనుండి వేగముగల కారు వచ్చుచున్నదని, నలుపు తెలుపు గళ్ల జెండా పరుగు ముగిసినదని తెలుపును. మొదటి చుట్టు టైర్లకు వేడి ఎక్కించుటకు, కడపటి చుట్టు బ్రేకులను చల్లార్చుటకు నిదానముగా పోవలెను. ఆగిన వెంటనే చేతిబ్రేకు లాగరాదు. ప్రతి పరుగు తరువాతను చక్రముల నట్లు బిగించి చూడవలెను.

ఇంటిలో కుమారుడు షెడ్డులో నూనె మరకలతో గడుపుచున్నాడని విచారించు తల్లిదండ్రులకు మేము మనవి చేయునది ఒకటే. ఆ ఉత్సాహమును అణచివేయుటవలన అది నశింపదు. అర్ధరాత్రివేళ కాలువగట్టు రోడ్డుమీదికి దారి వెదకుకొనును. దానిని మందలించుటకు బదులు, ఇంజను సంగతి తరువాత, బ్రేకులు చూపుమని అడుగుడు. బాటకు పోవుటకు లారీ బాడుగకు సహాయము చేయుడు. ఆగుట తెలిసిన కారును, ఆగవలసిన చోటు తెలిసిన మనిషిని తయారుచేసికొన్న పిమ్మట, వేగము ఎంత కావలెనన్నను భయపడవలసినది అంతగా లేదు.