కార్బొరేటరా? ఇంజెక్షనా? జవాబుకు ముందు ప్రశ్నలు!

ఈమధ్య ఓ ఇంజినీరింగ్ కాలేజీలో మాక్ ఇంటర్వ్యూలకు వెళ్లాను. మెకానికల్ ఫైనలియర్ వాళ్లను ఐదుగురేసి కూర్చోబెట్టి, అందరినీ ఒకటే ప్రశ్న అడిగాను. ‘‘అమెరికాలో ఒకాయన దగ్గర 1972 మోడల్ షెవర్లే సీ10 ట్రక్కు ఉంది. కార్బొరేటర్ బండి. పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ కావడం లేదు. కార్బొరేటర్ బాగు చేయించాలా, తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించాలా? మీరైతే ఏం చెబుతారు?’’

దాదాపు అందరిదీ ఒకే జవాబు. ‘‘ఇంజెక్షనే బెటర్ సర్. మైలేజీ ఎక్కువ, పొల్యూషన్ తక్కువ.’’ తప్పేం కాదు, టెక్స్ట్‌బుక్‌లో ఉన్నదే. కానీ ఆ మాట చెప్పడానికి నేను ట్రక్కు గురించి చెప్పాల్సిన పనే లేదు. మోడల్ సంవత్సరం ఎందుకు చెప్పానో, ఊరు పేరు ఎందుకు చెప్పలేదో ఎవరూ పట్టించుకోలేదు.

ఒకబ్బాయి మాత్రం ‘‘లారీకి కార్బొరేటర్ ఏంటి సర్?’’ అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. నాకు ఆ రోజు నచ్చిన మొదటి మాట అదే. మన రోడ్ల మీద తిరిగే లారీలు డీజిల్‌వి. డీజిల్ ఇంజిన్‌కు కార్బొరేటర్ ఉండదు, ఇంధనాన్ని గట్టి ప్రెషర్‌తో లోపలికి కొట్టాల్సిందే. అమెరికాలో ట్రక్కు అంటే చాలాసార్లు వెనక తొట్టి ఉన్న పికప్ బండి. పాతవాటిలో ఎక్కువ పెట్రోలువే. ‘పెట్రోలా, డీజిలా?’ అని అడిగితే ఇంటర్వ్యూ అక్కడే మీ చేతికి వచ్చినట్టు.

రెండో ప్రశ్న, అసలు జబ్బు ఎక్కడుంది? స్టార్ట్ కాకపోతే నేరం కార్బొరేటర్ మీద వేయడం ఎక్కడైనా ఉన్నదే. మన బైక్ మెకానిక్‌ను గమనించండి. కార్బొరేటర్ మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గు విప్పి, నల్లగా ఉందా తెల్లగా ఉందా చూస్తాడు. ఆ 1972 ట్రక్కులో స్పార్క్ ఇచ్చేది పాయింట్లు. అవి అరిగినా, వ్యాక్యూమ్ గొట్టం పగిలినా, పెట్రోలు పంపు డయాఫ్రం నీరసించినా లక్షణాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పాయింట్లు పాడైన బండికి వెయ్యి డాలర్ల ఇంజెక్షన్ కిట్ బిగిస్తే, పొద్దున్నే మళ్లీ అదే గొడవ.

సరే, జబ్బు నిజంగా కార్బొరేటర్‌లోనే ఉందనుకుందాం. ఇప్పుడు రెండూ ఎలా పనిచేస్తాయో చెప్పాలి. కార్బొరేటర్‌లో గాలి ఇరుకు దారిలో వేగంగా పోతుంటే అక్కడ ప్రెషర్ పడిపోతుంది, జెట్‌లోంచి పెట్రోలు పైకి వస్తుంది. అంతా బెర్నూలీ పుణ్యం. సెన్సర్ లేదు, కంప్యూటర్ లేదు. ఇంజెక్షన్‌లో గాలి ప్రెషర్, ఉష్ణోగ్రత, ఇంజిన్ వేగం చూసి ఈసీయూ లెక్కగట్టి ఇంజెక్టర్‌ను తెరుస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ‘ఎక్కువైంది, తక్కువైంది’ అని చెబుతుంటే సరిదిద్దుకుంటుంది.

తేడా తెలిసేది ఇక్కడే. పెట్రోలుకు ఆదర్శ నిష్పత్తి 14.7 పాళ్ల గాలికి 1 పాలు ఇంధనం. అమెరికాలో బంకుల్లో ఎక్కువగా దొరికేది 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికైతే నిష్పత్తి సుమారు 14.1. ఈ సంగతి కార్బొరేటర్‌కు తెలియదు, 1972లో వేసిన జెట్ సైజే దానికి వేదం. ఎత్తు విషయమూ అంతే. డెన్వర్ నగరం దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చన కాబట్టి కార్బొరేటర్ బండికి పెట్రోలు ఎక్కువై నల్ల పొగ వస్తుంది. టెక్సస్ ఎండల్లో ఇంకో రకం బాధ. వేడికి పైపుల్లోనే పెట్రోలు ఆవిరైపోతుంది. ఇలాంటి చోట్ల రోజూ తిరిగే బండికి ఇంజెక్షన్‌ది పైచేయే. ఊరు అడగండి అన్నది ఇందుకే.

ఇక బిగించే పని. ‘కార్బొరేటర్ తీసి కిట్ పెట్టేస్తే సరి’ అని ప్రకటనల్లో చెప్పినంత సులువేం కాదు. ఆ ట్రక్కులోని మెకానికల్ పంపు ఇచ్చేది 4 నుంచి 7 పీఎస్ఐ. ఇప్పుడు దొరికే చాలా థ్రోటిల్ బాడీ కిట్లకు దాదాపు 58 పీఎస్ఐ కావాలి. అంటే ఎలక్ట్రిక్ పంపు, ఆ ప్రెషర్‌ను తట్టుకునే గొట్టాలు, చాలా కిట్లకు మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ లైను కావాలి. 1972 సీ10లో పెట్రోలు ట్యాంకు ఎక్కడుంటుందో తెలుసా? క్యాబిన్ లోపలే, సీటు వెనకాల! డ్రైవర్ వీపు వెనక 58 పీఎస్ఐ పైపు పోతుంటే ఏ ఇంజినీరైనా ఒక్క క్షణం ఆగాలి. చాలామంది యజమానులు ట్యాంకును తొట్టి కిందికి మారుస్తారు. అదో ఖర్చు. పాత పాయింట్ల ఇగ్నిషన్‌తో ఈసీయూకు ఇంజిన్ వేగం సిగ్నల్ శుభ్రంగా అందడం కష్టం, దాన్నీ మార్చాల్సి రావచ్చు. బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్తింగ్ సరిగా లేకపోతే ఈసీయూ తికమక పడుతుంది. మోడల్ సంవత్సరం చెప్పింది వీటి కోసమే.

నిబంధనలకూ సంవత్సరమే ముఖ్యం. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్ల పెట్రోలు బండ్లకు పొగ పరీక్ష మినహాయింపు ఉంది. అదే 1978 ట్రక్కు అయితే పరీక్ష తప్పదు, బిగించే కిట్‌కు అక్కడి ప్రభుత్వ ఆమోదం ఉండాలి. ఆరేళ్ల తేడాలో జవాబే మారిపోయింది చూశారా!

డబ్బు లెక్క నోటితోనే వేయొచ్చు. బండి ఏడాదికి 3,000 మైళ్లు తిరుగుతుంది, గ్యాలన్‌కు 12 మైళ్లు ఇస్తుంది అనుకుందాం. 250 గ్యాలన్లు కావాలి. ఇంజెక్షన్‌తో మైలేజీ 10 శాతం పెరిగిందనుకుంటే 227 చాలు. మిగిలింది 23 గ్యాలన్లు. గ్యాలన్ మూడున్నర డాలర్లయితే ఏడాదికి 80 డాలర్లు. మొత్తం ఖర్చు 1,500 డాలర్లయితే తిరిగి రావడానికి దాదాపు 19 ఏళ్లు! అదే 15,000 మైళ్లు తిరిగే బండికైతే నాలుగేళ్లలోపే వచ్చేస్తుంది. ఈ అంకెలన్నీ ఊహించినవే. అయినా కాగితం మీద ఈ నాలుగు లైన్లు రాసి చూపించిన అభ్యర్థిని ఏ ఇంటర్వ్యూయర్ వదులుకుంటాడు?

నన్నడిగితే, ఆదివారాలు మాత్రమే బయటికి తీసే ట్రక్కుకు కార్బొరేటర్ విప్పి శుభ్రం చేసి, కొత్త రిపేర్ కిట్ వేసి వదిలేస్తాను. నాలుగు వారాలు నిలబెడితే ఫ్లోట్ బౌల్‌లో పెట్రోలు ఆవిరైపోయి సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది. అది భరించొచ్చు. దారిలో ఆగిపోయినా స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టే వీలుంది. ఈసీయూ పోతే మాత్రం టోయింగే. చలి ప్రాంతంలో రోజూ ఉద్యోగానికి వెళ్లే బండి అయితే ఇంజెక్షన్, ట్యాంకు మార్పుతో సహా. ఇంకొకరు వేరేలా చెప్పొచ్చు. కారణాలు చెప్పగలిగితే చాలు.

ఇదంతా మనకెందుకు అంటారా? 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక మన కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. ఆ ఈసీయూలకు ఏ వేగంలో, ఏ వేడిలో ఎంత పెట్రోలు వదలాలో పట్టికలు నింపే పనిని కాలిబ్రేషన్ అంటారు. పుణె, చెన్నై, బెంగళూరుల్లో ఈ పని జరుగుతుంది. హైదరాబాద్‌లోనూ హ్యుందాయ్, జడ్‌ఎఫ్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. మెకానికల్‌తో పాటు మ్యాట్‌ల్యాబ్, కొంచెం ఎలక్ట్రానిక్స్ వస్తే ఈ దారి తెరిచే ఉంది. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు సర్వీస్ సెంటర్లలో స్కానర్ పట్టుకుని లోపం వెతికే ఉద్యోగాలున్నాయి.

కాలేజీ ల్యాబ్‌లో కోసి పెట్టిన మోడల్ చూస్తే సరిపోదు. ఆటోనగర్‌కు వెళ్లి పాత బైక్ కార్బొరేటర్ ఒకటి కొనుక్కోండి. హాస్టల్ గదిలో పాత పేపర్ పరిచి ఫ్లోటు, నీడిలు, మెయిన్ జెట్, పైలట్ జెట్ ఒక్కొక్కటే విప్పండి, మళ్లీ బిగించండి. ఒక స్క్రూ మిగిలిపోతుంది. అది ఎక్కడిదో కనుక్కునేసరికి తెల్లారుతుంది.