జంట ఉయ్యాలల ఇంట తొలి సంక్రాంతి

ఒక్క పసిబిడ్డ ఉన్న ఇంట్లోనే రాత్రికీ పగలుకీ తేడా తెలియదు. ఇక ఇద్దరు ఒక్కసారే పుట్టిన ఇంటి సంగతి వేరే చెప్పాలా! ఒకరు నిద్రపోతే ఒకరు లేస్తారు. ఒకరికి పాలిచ్చి, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించేలోగా రెండోవారు రాగం అందుకుంటారు. ఈ హడావిడిలోనే ధనుర్మాసం గడిచిపోయి సంక్రాంతి వచ్చేస్తుంది. సెలవులు, ప్రయాణాలు, చుట్టాలు, పిండివంటలు, భోగిపళ్ళు... "తొలి పండగ కదా, ఏ లోటూ రాకూడదు" అని పెద్దవాళ్ళ ఆరాటం. "ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోతే చాలు దేవుడా" అని కన్నతల్లి మొక్కు!

ఈ రెండిటికీ పొత్తు కుదరదా? కుదురుతుంది. పండగను పిల్లలకు తగ్గట్టు మలుచుకోవాలి గానీ, పిల్లల్నీ తల్లినీ పండగకు తగ్గట్టు పరుగెత్తించకూడదు. అంతే!

అల్లుడు చుట్టమా, తండ్రా?

మా ఆడపడుచు కూతురికి జూలైలో కవలలు పుట్టారు. ఒక పాప, ఒక బాబు. అయిదో నెలలో హైదరాబాదులో అత్తవారింటికి తీసుకువెళ్ళారు. సంక్రాంతికి మళ్ళీ కోనసీమలో పుట్టింటికి వచ్చింది. కొత్త అల్లుడికి మర్యాదలంటే గోదావరి జిల్లాల వాళ్ళకి ఎవరైనా చెప్పాలా? అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, కజ్జికాయలు, జంతికలు, గోరుమిటీలు అంటూ మా ఆడపడుచు నెల ముందే జాబితా రాసుకుంది.

వచ్చిన మొదటి రాత్రే పన్నెండింటికి పిల్లలిద్దరూ కూడబలుక్కున్నట్టు లేచారు. మా ఆడపడుచు పరుగున వెళ్ళి చూస్తే అల్లుడుగారు ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, ఇంకో భుజాన బాబుని వేసుకుని పచార్లు చేస్తున్నాడు.

"అయ్యో, మీరు పడుకోండి బాబూ! మేమంతా ఉన్నాం కదా" అంది ఆవిడ నొచ్చుకుంటూ.

"రోజూ ఇంటిదగ్గర చేసే పనే కదా అత్తయ్యగారూ. ఇక్కడ నాలుగు రోజులు మానేస్తే అలవాటు తప్పిపోతుంది" అన్నాడతను నవ్వుతూ.

మర్నాడు పొద్దున్నే ఆవిడ జాబితా తీసి సగం కొట్టేసింది. అరిసెలు, జంతికలు ఇంట్లో. పూతరేకులు కొనుక్కోవడం. మిగతావి వచ్చే ఏడాదికి. మిగిలిన చేతులు పిల్లల దగ్గరికి!

నిజమే కదండీ. ఆ ఏడాది అతను పండక్కి వచ్చిన చుట్టం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. పొయ్యి దగ్గర నలుగురు ఆడవాళ్ళు చెమటలు కక్కుతుంటే, గదిలో బాలింత ఒక్కతే ఇద్దరితో సతమతమవడం పండగ కానేకాదు.

ఇంకో మాట. ఇంటికి వచ్చే చుట్టాలు ప్రేమగా అనే మాట ఒకటుంది. "పిల్లల్ని నాకిచ్చి నువ్వెళ్ళి పని చూసుకోమ్మా" అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కవలల తల్లికి కావలసిన మాట అది కాదు. "పిల్లల్ని నాకిచ్చి నువ్వెళ్ళి పడుకో" అనాలి. అలా అనలేకపోతే గుడ్డలు ఉతికి పెట్టండి, పాలగిన్నెలు మరిగించి పెట్టండి. అదే పెద్ద సాయం.

రాత్రిళ్ళు వంతులు వేసుకోండి. తొమ్మిది నుంచి రెండింటి దాకా తండ్రి, అమ్మమ్మ చూసుకుంటే తల్లికి నాలుగయిదు గంటలు ఏకబిగిన నిద్ర పడుతుంది. పిండి ఉంచిన తల్లిపాలు మామూలు వాతావరణంలో నాలుగు గంటల వరకు నిలవుంటాయి. శుభ్రమైన మూతగిన్నెలో ఉంచి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే, రెండు పక్కలా దిళ్ళు పెట్టుకుని, పిల్లల కాళ్ళు చంకల కింద నుంచి వెనక్కి వచ్చేట్టు పట్టుకుని ఒకేసారి పాలివ్వవచ్చు. మొదట్లో ఒకరు పక్కనుండి సాయం చేస్తే తొందరగానే అలవాటవుతుంది.

ప్రయాణం చేయాలా, వద్దా?

"పండక్కి రాకపోతే ఎలా?" అని ఫోన్లు వస్తాయి. మొహమాటపడకండి. పిల్లలు మరీ నెలల గుడ్లయినా, బరువు తక్కువున్నా, ఇంట్లో ఎవరికైనా జలుబు, దగ్గు ఉన్నా ఈసారికి పెద్దవాళ్ళనే మీ ఇంటికి రమ్మనండి. 6, 10, 14 వారాల టీకాలు సమయానికి పడ్డాయో లేదో చూసుకోండి. కవలల్లో చాలామంది నెలలు పూర్తిగా నిండకముందే పుడతారు. అలాంటి పిల్లలు బోర్లాపడడం, కూర్చోవడం వంటివి లెక్కించేటప్పుడు ఎన్ని వారాలు ముందు పుట్టారో అన్ని వారాలు తీసేసి చూడాలి. టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే లెక్క.

వెళ్ళాలనుకుంటే పగటి ప్రయాణం మేలు. రైల్లో అయిదేళ్ళలోపు పిల్లలకి విడిగా బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. పెద్దవాళ్ళిద్దరికీ కింది బెర్తులు దొరికేలా ముందే చూసుకోండి. ఒక సంచీ మాత్రం చేతికి అందేలా పెట్టుకోండి. అందులో పొత్తిగుడ్డలు, రెండు జతల బట్టలు, ఫ్లాస్కులో మరిగించిన నీళ్ళు, పిల్లలిద్దరి టీకాల కార్డులు ఉండాలి. తల్లికి కూడా ఒక జత చీర, జాకెట్టు పెట్టుకోవడం మరిచిపోవద్దు. ఇద్దరిలో ఎవరో ఒకరు కక్కక మానరు!

భోగినాడు జాగ్రత్త

తెల్లవారుజామున భోగిమంట దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళాలని తాతగార్లకి సరదా. కానీ ఆ మంచులో, పొగలో పసివాళ్ళు తట్టుకోలేరు. ఈ రోజుల్లో మంటల్లో పిడకలు, కట్టెలతో పాటు ప్లాస్టిక్కు, పాత టైర్లు కూడా వేసేస్తున్నారు. ఆ పొగ పెద్దవాళ్ళకే మంచిది కాదు. పిల్లల తరఫున పిడకల దండ ఎవరైనా వేసిరావచ్చు. పిల్లలు మాత్రం ఇంట్లోనే వెచ్చగా ఉండాలి.

సాయంత్రం భోగిపళ్ళు. ఇద్దరికీ ఒకేసారి పోస్తుంటే చూడ్డానికి ఎంత ముచ్చటో! మగపిల్లలిద్దరైతే "లవకుశులు" అని మురిసిపోనివారుండరు. అయితే అయిదారు నెలల పిల్లలు చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. రేగుపళ్ళు, శనగలు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు అన్నీ గొంతుకి అడ్డుపడేవే. కాబట్టి మొదటి ఏడు బంతిపూల రేకలతో కానిచ్చేయండి. శాస్త్రానికి రేగుపళ్ళు కావాలంటే పెద్దావిడ గుప్పిటతో ముమ్మారు దిష్టి తీసి పక్కన పళ్ళెంలో వేస్తే సరి. ఇద్దర్నీ ఒకరి ఒళ్ళోనే కూర్చోబెట్టకండి. ఒక్కో బిడ్డని ఒక్కొక్కరు పట్టుకోవాలి. పేరంటం అవగానే బట్టలు విప్పి దులిపి, మడతల్లో ఏమీ చిక్కుకోలేదని చూసి అప్పుడు ఉయ్యాలలో వేయండి.

దిష్టి తీయడం తప్పని మనం చెప్పబోవడం లేదు. ఎర్రనీళ్ళతో తీసి పారబోయండి. మిరపకాయలు నిప్పుల్లో వేసేదైతే అది వీధి గుమ్మం బయటే కావాలి. ఆ ఘాటు పిల్లల గదిలోకి రానివ్వకూడదు. సాంబ్రాణి పొగా అంతే. కాటుక చుక్క అరికాలికి పెట్టండి, కళ్ళకి వద్దు.

జలుబు, దగ్గు వస్తే...

పండగంటే పదిమంది వస్తారు. వచ్చిన ప్రతివారూ ఎత్తుకుంటారు, ముద్దులు పెడతారు. కవలల్లో ఒకరికి జలుబు అంటితే రెండోవారికి రావడానికి ఎంతో సేపు పట్టదు. గుమ్మం దగ్గర సబ్బు, నీళ్ళు పెట్టి "చేతులు కడుక్కుని ఎత్తుకోండి" అని ఇంటి పెద్దాయన చేత చెప్పించండి. ఆయన చెప్తే ఎవరూ తప్పు పట్టరు! అదే మాట కోడలు అంటే "ఎంత మాటంది" అని వచ్చే సంక్రాంతి దాకా చెప్పుకుంటారు.

నలుగు, స్నానం ఎండ వచ్చాకే. ఒకే పూట ఇద్దరికీ పోయాలని నియమం లేదు. ఒకరికి ఈ పూట, ఒకరికి రేపు పోసినా ఫరవాలేదు. ముక్కుల్లో, చెవుల్లో నూనె పోయవద్దు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. ఘాటైన కర్పూరపు బామ్‌లూ పసివాళ్ళకి పూయకూడదు.

బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం గడియారం చూసి ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు పిల్లలకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి 50, అంతకంటే ఎక్కువ ఉంటే అది మామూలు జలుబు కాదు. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంటపడుతున్నా, పాలు తాగలేకపోతున్నా పండగ అని ఆగకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఊరికి వెళ్ళగానే అక్కడ పండగ రోజుల్లో తెరిచి ఉండే ఆస్పత్రి ఏదో కనుక్కుని ఉంచుకోవాలి.

కవలల ఇంట ఇంకో చిక్కుంది. ఇంటినిండా మనుషులున్నప్పుడు ఒకే బిడ్డకి ఇద్దరు మందు వేసేస్తారు, రెండో బిడ్డకి ఎవరూ వేయరు! అచ్చు గుద్దినట్టుండే కవలలైతే మరీనూ. అందుకే ఒక బిడ్డ కాలి బొటనవేలికి గోళ్ళరంగు వేయండి. గోడకి ఒక నోటుపుస్తకం కట్టి, ఎడమ పేజీ ఒకరికి, కుడి పేజీ ఒకరికి కేటాయించండి. పాలు ఎప్పుడు, మందు ఎప్పుడు, ఎవరు వేశారు, అన్నీ రాయాలి. మందు మోతాదు బరువుని బట్టి ఉంటుంది. ఇద్దరి బరువూ ఒకటే అనుకోవద్దు.

రెండు గిన్నెల ఉగ్గు

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు. నిండాక సంక్రాంతి పూట ఉగ్గు మొదలుపెట్టాలని కొందరికి ముచ్చట. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుని అడగండి.

కప్పు బియ్యానికి పావు కప్పు పెసరపప్పు. రెండూ కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మెత్తగా పొడి చేసి డబ్బాలో పోసుకోండి. రెండు చెంచాల పొడిని కప్పు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద జారుగా ఉడికించి, నాలుగు చుక్కల నెయ్యి వేయండి. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి రోజురోజుకీ పెంచాలి. చెంచాలోంచి నీళ్ళలా కారిపోకుండా చిక్కగా ఉండాలి. ఏడాది లోపు ఉప్పు, పంచదార అక్కర్లేదు. తేనె అసలే వద్దు. ఇద్దరికీ గిన్నెలు వేరు, చెంచాలు వేరు. పాప గబగబా మింగి, బాబు ఉమ్మేస్తే "వాడికి వంట పట్టడం లేదు" అని పదిమందిలో అనకండి. ఒకే రోజు పుట్టినా వాళ్ళిద్దరూ ఇద్దరే.

తల్లి మాటేమిటి?

ఒక్క బిడ్డకి పాలిచ్చే తల్లికే రోజూ సుమారు 500 నుంచి 600 కేలరీల ఆహారం అదనంగా కావాలి. ఇద్దరికి ఇస్తే ఇంకా ఎక్కువ. పత్యం పేరుతో కడుపు మాడ్చవద్దు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, ఒక సున్నుండ, దాహమైనప్పుడల్లా మంచినీళ్ళు. అందరి భోజనాలు అయ్యాక కాదు, అందరికంటే ముందు ఆమెకి వడ్డించండి.

రెండు వారాలకు మించి అదే పనిగా ఏడుపు వస్తున్నా, పిల్లలు నిద్రపోతున్నా తనకి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆశ లేనట్టు మాట్లాడినా "బంగారంలాంటి బిడ్డలిద్దరుంటే ఏడుపేమిటే" అని కసరకండి. అది కొవ్వెక్కి కాదు, వైద్యంతో నయమయ్యే జబ్బు. డాక్టరుకి చూపించండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తనకో పిల్లలకో హాని చేయాలన్న ఆలోచన వస్తోందంటే ఆమెను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు మన పెద్దలు. ఎవరూ ప్రయాణమవరు కాబట్టి ఆ రోజు ఇంట్లో చేతులకి కొదవుండదు. మినపగారెలు వండేవారు వండుతారు, పిల్లల్ని ఆడించేవారు ఆడిస్తారు. కనుమ మధ్యాహ్నం ఆ గది తలుపు దగ్గరగా వేసి, ఆమెను సాయంత్రం దాకా ఎవరూ లేపకండి. పట్టుచీర వచ్చే ఏడాది పెట్టినా ఏమీ అనుకోదు!